వయ్యారిభామను మేసే పెంకు పురుగు: పొలం నుంచి ఇంటి డబ్బాకు, తిరిగి పొలానికి

తొలకరి పడిన వారం పది రోజులకు వయ్యారిభామ మొలకెత్తుతుంది. గట్ల మీద, రహదారుల పక్కన, బీళ్లలో, పాఠశాలల ఆవరణల్లో, ఇళ్ల మధ్య ఖాళీ స్థలాల్లో క్యారెట్ ఆకును పోలిన లేత ఆకులు నేలకు అంటుకొని గుండ్రంగా పరచుకుంటాయి. నెల, నెలన్నర గడిచేసరికి కాండం పైకి లేచి, కొమ్మలు వేసి, మొక్క అంతా చిన్న చిన్న తెల్లపూలతో నిండిపోతుంది. ఈ కలుపు మీదనే బతికే ఒక పెంకు పురుగు కూడా అదే తొలకరికి మట్టిలోంచి లేస్తుంది. సుమారు 6 మిల్లీమీటర్ల పొడవు, మీగడ రంగు రెక్కలు, వాటి మీద నిలువునా ముదురు గోధుమ రంగు చారలు దీని ఆనవాళ్లు. శాస్త్రీయ నామం జైగోగ్రామా బైకొలరేటా. వాడుకలో మెక్సికన్ పెంకు పురుగు. ఆగస్టు, సెప్టెంబరు మాసాల్లో కొన్ని చోట్ల ఇది వయ్యారిభామ ఆకును ఈనెలు మాత్రమే మిగిలేంతగా మేసివేస్తుంది. చూసినవారికి ఆశ కలుగుతుంది. కాని అప్పటికే తొలి విడత మొక్కలు పూసి, గింజ రాల్చి ఉంటాయి.

ఈ పురుగుకు ఆకలి తక్కువ కాదు, సంతానోత్పత్తి శక్తి తక్కువ కాదు. లోపమంతా కాలంలోనే ఉంది. వర్షంతో పాటే లేచిన కొద్దిపాటి పెద్ద పురుగులు గుడ్లు పెట్టి, ఆ గుడ్ల నుంచి వచ్చిన తరం పెద్దదై, మళ్లీ గుడ్లు పెట్టేలోగా రెండు నెలలు గడుస్తాయి. ఒక్క బలమైన మొక్క పదిహేను వేలకు పైగా గింజలు ఇవ్వగలదు కాబట్టి ఈ రెండు నెలల ఆలస్యం కలుపుకు ఏడాది మొత్తానికి సరిపడే విత్తన నిధిని సమకూరుస్తుంది. పొలంలో పట్టిన పురుగులను ఇంటి వద్ద, విద్యార్థుల వసతి గదుల్లో, కృషి విజ్ఞాన కేంద్రాల వరండాల్లో మేపి పెంచే పద్ధతికి ఉన్న అసలు ప్రయోజనం ఈ ఆలస్యాన్ని తగ్గించడమే. పురుగుల సంఖ్య పెంచడం అందుకు సాధనం మాత్రమే. ఈ భేదం గుర్తించని పెంపకాలు సెప్టెంబరులో వేల పురుగులను ఉత్పత్తి చేసి, పురుగులు అప్పటికే పుష్కలంగా ఉన్న పొలంలో వదిలి సంతృప్తి పడుతుంటాయి.

పురుగు వచ్చిన దారి

మన దేశంలో వయ్యారిభామను 1955లో పుణెలో గుర్తించారు. విదేశాల నుంచి దిగుమతి చేసుకున్న ఆహార ధాన్యంతో దీని గింజలు వచ్చాయని విస్తృతంగా చెబుతారు. కాంగ్రెస్ గడ్డి అనే పేరు ఆ కాలపు జ్ఞాపకమే. స్వస్థలమైన అమెరికా ఖండంలో దీనిని అదుపులో ఉంచే కీటకాలు, తెగుళ్లు ఉన్నాయి. ఇక్కడికి మొక్క ఒంటరిగా వచ్చింది. అందువల్ల దాని సహజ శత్రువులను వెతికి తెచ్చే ప్రయత్నాలు మొదలయ్యాయి. మెక్సికో నుంచి ఈ పెంకు పురుగును ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 1980లో విడుదల చేశారు. మన దేశంలో బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీనిని పరీక్షించి, 1984లో ఆ నగర పరిసరాల్లో వదిలారు. తొలి కొన్నేళ్లు పెద్దగా కనిపించని పురుగు 1988 నాటికి బెంగళూరు చుట్టుపక్కల విస్తారంగా వృద్ధి చెందింది. ఆ తరువాత దక్కన్ అంతటా వ్యాపించింది. తెలుగు నేల మీద కూడా ఇప్పుడిది కొత్త అతిథి కాదు.

సేకరణలో జరిగే పొరపాట్లు

పట్టిన పురుగు ఏదో ముందుగా తెలియాలి. చిన్న విషయంగా తోచినా, ఇక్కడ జరిగే పొరపాటు మిగతా శ్రమనంతా వృథా చేస్తుంది. వయ్యారిభామ మొక్క మీద కూర్చున్న ప్రతి పెంకు పురుగూ దానిని మేసేది కాదు. పేనుబంకను తినే అక్షింతల పురుగులు అక్కడ తరచు తిరుగుతుంటాయి. వాటిని డబ్బాలో వేసి వయ్యారిభామ ఆకు పెడితే ఆకలితో చనిపోతాయి, రైతు మిత్రులను చంపినట్లవుతుంది. వంగ, కాకర ఆకులను గోకి తినే చుక్కల పెంకు పురుగులను, గుమ్మడి పెంకు పురుగులను పొరపాటున ఇంటికి తెచ్చి పెరటి తోటలో వదిలితే పరిస్థితి మరీ విపరీతం. గుండ్రని చుక్కలుంటే అనుమానించాలి. మీగడ రంగు మీద నిలువు చారలుండి, ఆ పురుగు కూర్చున్న ఆకు అంచుల నుంచి తిన్న గుర్తులుంటేనే తీసుకోవాలి.

ఉదయం ఎండ ముదరకముందు సేకరణ సులభం. మొక్కను కదిలిస్తే పట్టు వదిలి రాలిపడే అలవాటు పెంకు పురుగుల్లో సాధారణం కాబట్టి, కింద ఒక పళ్లెం గాని తెరిచి తిప్పి పెట్టిన గొడుగు గాని పట్టి కొమ్మను తట్టడం మేలు. ఆడ, మగ పురుగులను పైకి చూసి వేరు చేయడం కష్టం. ఆడది కాస్త పెద్దదిగా ఉంటుందన్నది నిజమే కాని, మంచి మేపు దొరికిన మగ పురుగు, దొరకని ఆడ పురుగు పక్కపక్కన ఉన్నప్పుడు ఆ కొలత పనికిరాదు. జతకట్టి ఉన్న పురుగులను జతగానే తీసుకోవడం అన్నిటికంటే నమ్మకమైన మార్గం. ఇరవై జతలు ప్రారంభానికి చాలు.

పొలంలో పట్టిన పిల్లపురుగులతో పెంపకం మొదలుపెట్టకపోవడం మంచిది. వాటి శరీరంలో పరాన్నజీవులు, తెగుళ్లు దాగి ఉండవచ్చు. పెద్ద పురుగులను తెచ్చి, రెండు మూడు రోజులు విడిగా ఉంచి, మందకొడిగా ఉన్నవాటిని తీసివేసి, మిగిలినవి పెట్టిన గుడ్ల నుంచి కొత్త తరాన్ని లేపితే ఇంట్లో పుట్టిన ఆరోగ్యవంతమైన మంద ఏర్పడుతుంది.

ఇక్కడే మరొక హెచ్చరిక అవసరం. పురుగులతో పాటు పూసిన కొమ్మలను సంచిలో కుక్కి ఊరికి తీసుకువస్తే, రాలిన గింజలు ఆ దారి పొడవునా మొలుస్తాయి. కలుపును అదుపు చేయడానికి బయలుదేరినవారే కలుపును మోసుకువచ్చిన సందర్భాలకు విస్తరణ రంగంలో కొరత లేదు. మేపుకు పూత రాని మొక్కలనే వాడాలి.

మేపు

పురుగును బతికించడానికి శ్రద్ధ చూపాల్సిన అవసరం వ్యవసాయ విద్యార్థికి చదువు మొత్తంలో ఒకటి రెండు సార్లకంటే ఎక్కువ రాదు. చంపే మందుల మోతాదులు వరుసగా అప్పజెప్పగలవారు సైతం మొదటి వారంలో తమ డబ్బాలోని పురుగులు ఎందుకు చనిపోయాయో చెప్పలేకపోతారు. కారణం దాదాపు ప్రతిసారీ ఆకే. ఆకు వాడిపోవడం ఒక లోపం, తడిగా ఉండడం దానికి ఎదురు లోపం. వాడిన ఆకును పెద్ద పురుగు తప్పనిసరై కొరుకుతుంది కాని, గుడ్లు తగ్గిస్తుంది. తడి ఆకు పెట్టి మూత బిగిస్తే డబ్బా గోడలకు ఆవిరి పడుతుంది, విసర్జన పదార్థం బూజు పడుతుంది, చిన్న పిల్లపురుగులు నీటి బిందువుల్లో చిక్కుకొని చనిపోతాయి.

ఒక లీటరు నుంచి రెండు లీటర్ల పరిమాణం గల, మూతి వెడల్పైన పారదర్శక ప్లాస్టిక్ డబ్బా పెద్ద పురుగులకు అనువుగా ఉంటుంది. మూతకు బదులు పలుచని మస్లిన్ గుడ్డ గాని, సన్నని కన్నుల దోమతెర గాని రబ్బరు బ్యాండుతో బిగించాలి. మూతకు మేకుతో నాలుగు రంధ్రాలు పొడవడం గాలికి సరిపోదు. డబ్బా అడుగున పాత వార్తాపత్రిక పరచి, రోజూ దానిని మార్చితే శుభ్రత దానంతట అదే కుదురుతుంది. ఒక్కో డబ్బాలో పది జతలకు మించకుండా చూడాలి. కిక్కిరిసిన చోట పురుగులు ఒకదానినొకటి తొక్కుకుంటూ మేత మానేస్తాయి. పెట్టిన గుడ్లు కూడా కాళ్ల కింద నలిగిపోతాయి.

లేత కొమ్మను 15 సెంటీమీటర్ల పొడవున కోసి, కోసిన కొసను నీరు నింపిన చిన్న మందు సీసాలో నిలిపి, సీసా మూతిని దూదితో గట్టిగా మూసి డబ్బాలో ఉంచితే ఆకు ఒక రోజు, చల్లని వాతావరణంలో రెండు రోజులు తాజాగా ఉంటుంది. ఆ దూది లేకపోతే పురుగులు కాండం వెంట దిగి నీళ్లలో పడి చనిపోతాయి. చెప్పుకోవడానికి చాలా చిన్న వివరమిది. నష్టాలు మాత్రం ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. కొమ్మను కోసిన వెంటనే మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టి, తడి పూర్తిగా పోయాకే లోపల పెట్టాలి. పత్తి, మిరప చేల గట్ల మీద మొలిచిన వయ్యారిభామను మేపుగా వాడకూడదు. పక్క చేలో కొట్టిన పురుగుమందు గాలికి ఆ ఆకుల మీద కూడా పడుతుంది. వాటిని కడిగి వాడవచ్చుననే వాదన ఉంది కాని, అంతర్వాహిక మందులు కడిగితే పోవు. పంచాయతీ వారు కలుపు మందు చల్లిన స్థలాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం.

గుడ్లు లేత పసుపు నుంచి నారింజ రంగు వరకు ఉంటాయి. ఒక్కొక్కటిగా గాని, చిన్న గుంపులుగా గాని ఎక్కువగా ఆకు అడుగు భాగాన కనిపిస్తాయి. గుడ్డును ఆకు నుంచి ఊడదీయకుండా, గుడ్డు ఉన్న ఆకు ముక్కనే కత్తిరించి వేరే పళ్లెంలోకి మార్చాలి. నాలుగు నుంచి ఏడు రోజుల్లో అవి పగులుతాయి. అప్పుడే పుట్టిన పిల్లపురుగు పొలంలోనైతే నేరుగా కొన మొగ్గల్లోకి, పక్క మొగ్గల్లోకి చేరుతుంది. పూత రాకుండా ఆపడంలో ఈ పురుగుకున్న బలమంతా ఆ అలవాటులోనే ఉంది. కాబట్టి తొలి రెండు మూడు రోజులు వాటికి ముదురు ఆకు పెట్టకూడదు. మొగ్గలతో కూడిన కొమ్మ చివరలే పెట్టాలి. చేతితో తాకితే నలిగిపోతాయి. మెత్తని కుంచె తడిపి దాని కొనతో ఎత్తాలి. లేదా పాత ఆకు పక్కన కొత్త ఆకును ఆనించి ఉంచితే వాటంతట అవే దాటుతాయి. రెండో పద్ధతికి ఓపిక కావాలి, నష్టం మాత్రం తక్కువ.

నాలుగు దశలుగా ఎదిగే పిల్లపురుగుకు పది నుంచి పదిహేను రోజులు పడుతుంది. చివరి దశలో దాని ఆకలి ఒక్కసారిగా పెరుగుతుంది. తొలి వారం చేతినిండా తెచ్చిన ఆకు రెండు రోజులు మిగిలితే, రెండో వారం బుట్టనిండా తెచ్చింది సాయంత్రానికి చాలదు. ఇంటి పెంపకాలు కుప్పకూలేది ఈ వారంలోనే. లెక్క వేసి చూడవచ్చు. ఇరవై ఆడ పురుగులు ఒక్కొక్కటి నెలకు వంద గుడ్లు పెట్టాయనుకుంటే రెండు వేల గుడ్లవుతాయి. అనుకూల పరిస్థితుల్లో ఒక ఆడ పురుగు జీవితకాలంలో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు కాబట్టి ఈ అంచనా పెద్దదేమీ కాదు. సగం నశించినా వెయ్యి పిల్లపురుగులు చివరి దశకు చేరతాయి. ఇద్దరు మనుషులు సైకిలు మీద తేగలిగిన ఆకుతో వాటిని పోషించడం సాధ్యం కాదు. ఇంట్లో ఎన్ని పురుగులు పెంచగలమన్నది గుడ్ల సంఖ్య నిర్ణయించదు, రోజూ దొరికే శుభ్రమైన ఆకు నిర్ణయిస్తుంది. అందుచేత గుడ్లను విడతలు విడతలుగా పొదిగించుకొని, మిగిలిన గుడ్లను ఆకులతో సహా సమీపంలోని వయ్యారిభామ గుబుర్ల మీద ఉంచడం తెలివైన పని.

దీనికి ఉన్న మరో పరిష్కారం, ఆకును పురుగు వద్దకు మోయకుండా పురుగును ఆకు వద్ద బంధించడం. పెరటిలో ఒక మూల సహజంగా మొలిచిన వయ్యారిభామ మీద నాలుగు కర్రలు పాతి దోమతెర కట్టి, అంచులు మట్టితో కప్పి, లోపల పురుగులను వదిలితే రోజువారీ మేపు శ్రమ తప్పుతుంది. పిల్లపురుగులు దిగడానికి నేల సిద్ధంగా ఉంటుంది. అయితే కలుపును నిర్మూలించాలనే ఇంట్లోనే కలుపుకు నీరు పోసి పెంచవలసి వస్తుంది. ఇరుగుపొరుగువారికి ఇది వింతగా తోచడం సహజం, వారి ఆక్షేపణ సమంజసం కూడా. తెర లోపలి మొక్కలకు పూమొగ్గ కనిపించిన రోజే చివళ్లు తుంచకపోతే ఆ మూల వచ్చే ఏడాదికి గ్రామానికంతా విత్తన క్షేత్రమవుతుంది.

చీమల సంగతి మరవరాదు. డబ్బాలుంచిన బల్ల కాళ్లను నీళ్ల పళ్లేల్లో నిలపకపోతే ఒక్క రాత్రిలో గుడ్లన్నీ మాయమవుతాయి. గోడల మీది బల్లులు దోమతెర చిరుగులను మనుషులకంటే ముందు కనిపెడతాయి.

మేపేవారి ఆరోగ్యం కూడా పట్టించుకోవలసిన విషయం. వయ్యారిభామలోని పార్థెనిన్ అనే పదార్థం కొందరిలో తీవ్రమైన చర్మ వ్యాధిని కలిగిస్తుంది. పుప్పొడి వల్ల ఉబ్బసం, జలుబు ముదురుతాయి. ఒకటి రెండు సార్లు తాకితే ఏమీ కానివారికి సైతం, ప్రతిరోజూ తాకడం వల్ల కొన్ని వారాల తరువాత దురద, ఎర్రని మచ్చలు మొదలుకావచ్చు. పెంపకందారు సరిగ్గా ఈ పరిస్థితిలోనే ఉంటారు. చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి. ఉబ్బసం గాని, గజ్జి వంటి చర్మ బాధ గాని ఉన్న విద్యార్థికి ఈ పని అప్పగించకూడదు. గ్రామీణ పని అనుభవ కార్యక్రమంలో బృందాలను విభజించేటప్పుడే పర్యవేక్షకులు ఈ ప్రశ్న అడగాలి.

చనిపోయిందనుకున్న పురుగు

బాగా ఎదిగిన పిల్లపురుగు మేత మాని డబ్బా అడుగున అటూ ఇటూ తిరుగుతుంది. కొత్తవారు దీనిని రోగమని భ్రమిస్తారు. అది మట్టిని వెతుక్కుంటున్నది. ఏడు ఎనిమిది సెంటీమీటర్ల లోతున జల్లెడ పట్టిన మట్టి, కొంత ఇసుక కలిపి నింపిన కుండలోకి మార్చగానే లోపలికి దిగి గూడు చేసుకుంటుంది. మట్టిని పిడికిట పట్టి వదిలితే ముద్దగా నిలవాలి, నీరు కారకూడదు. తొమ్మిది నుంచి పన్నెండు రోజులకు కొత్త పెద్ద పురుగు పైకి వస్తుంది. గుడ్డు నుంచి ఇక్కడికి మొత్తం దాదాపు ఒక నెల.

అసలు చిక్కు పెద్ద పురుగుల దగ్గర వస్తుంది. వర్షాకాలం ముదిరేకొద్దీ, కొన్ని జూలై నుంచే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పురుగులు మేత తగ్గించి, గుడ్లు ఆపి, మట్టిలోకి దిగుతాయి. చలికాలం, వేసవి అంతా కొద్ది సెంటీమీటర్ల లోతులో కదలకుండా ఉండి, మళ్లీ తొలకరికి లేస్తాయి. సుప్తావస్థ అని పిలిచే ఈ స్థితి వానలు లేని నెలలను దాటడానికి పురుగు చేసుకున్న ఏర్పాటు. మట్టి లేని డబ్బాలో ఉన్న పురుగు దిగడానికి చోటు లేక కాగితం కింద ముడుచుకొని పడి ఉంటుంది. చనిపోయిందని చెత్తబుట్టలో వేస్తారు. అక్టోబరులో మూసివేసిన పెంపకాల నివేదికల్లో కనిపించే అధిక మరణాల సంఖ్యలో ఎన్ని నిజమైన మరణాలో, ఎన్ని నిద్రిస్తున్న పురుగులో తేల్చడం సాధ్యం కాదు. అనుమానం ఉన్న పురుగును అరచేతిలో కాసేపు ఉంచితే వెచ్చదనానికి కాళ్లు కదుపుతుంది. అంతకంటే మంచిది, ఆగస్టు నుంచి ప్రతి డబ్బా పక్కన ఒక మట్టి కుండను సిద్ధంగా ఉంచి, మేత మానిన పురుగులను అందులోకి మార్చడం.

వచ్చే ఏడాదికి ముందస్తుగా పనికివచ్చేది ఈ కుండలే. సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లో పొలంలో పురుగులు విస్తారంగా ఉంటాయి, పట్టడం తేలిక. వాటిని పది రోజులు బాగా మేపి మట్టి కుండల్లోకి దింపి, గుడ్డ కట్టి, ఇంట్లో చల్లని మూల ఉంచాలి. మట్టి పూర్తిగా ఎండి బిగిసిపోకుండా అప్పుడప్పుడు నాలుగు చుక్కలు చిలకరించడం తప్ప వేరే పోషణ లేదు. తడి ఎక్కువైతే బూజు పట్టి నశిస్తాయి. తెలంగాణ, రాయలసీమ జిల్లాల మే నెల ఎండకు రేకుల గదిలో ఉంచిన కుండ పొయ్యి మీద ఉంచినట్లే అవుతుంది. దేశవాళీ పెంకుటిల్లు గాని, మంచినీళ్ల కుండల పక్కన నీడ గాని అనువైన చోటు.

మే మూడో వారంలో రెండు పనులు ఒకేసారి మొదలుపెట్టాలి. తెర కట్టిన పెరటి మూలలో నీరు పెట్టి వయ్యారిభామను మొలిపించడం ఒకటి. కుండల మట్టిని వానకు తడిసినట్లు తడపడం రెండోది. పురుగులన్నీ ఒకే రోజు లేవవు. కొన్ని వారం తరువాత, కొన్ని మరింత ఆలస్యంగా వస్తాయి. ఆకు సిద్ధం కాకముందే పురుగులు లేస్తే ఆకలితో చస్తాయి కాబట్టి కలుపు మొలిచిన వారానికి కుండలు తడపడం క్షేమం. అప్పుడు జూన్ మొదటి పక్షంలో గుడ్లు, జూలై తొలి వారాల్లో కొత్త తరం చేతికి వస్తాయి. పొలంలో వయ్యారిభామ అప్పటికింకా మోకాలి ఎత్తు దాటి ఉండదు.

పొద్దుతిరుగుడు రైతు అడిగే ప్రశ్న

ఈ పురుగు గురించి గ్రామసభలో చెప్పగానే కర్నూలు, నంద్యాల ప్రాంతాల రైతులు ఒక ప్రశ్న వేస్తారు. ఇది పొద్దుతిరుగుడును తింటుందా? ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. 1990ల తొలినాళ్లలో కర్ణాటకలో పెద్ద పురుగులు పొద్దుతిరుగుడు ఆకులను కొరకడం గమనించారు. వివాదం చెలరేగింది, విడుదలలు కొంతకాలం ఆగిపోయాయి, నిపుణుల పరిశీలన జరిగింది. రెండు మొక్కలూ ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి భయం నిరాధారమని కొట్టివేయడానికి వీలులేదు. పరిశోధనల్లో తేలిన ముఖ్యాంశం ఆసక్తికరమైనది. పక్కనే ఉన్న వయ్యారిభామ పుప్పొడి గాలికి ఎగిరి పొద్దుతిరుగుడు ఆకుల మీద పేరుకున్నప్పుడు, ఆ పుప్పొడిలోని పదార్థాలు పురుగును కొరకడానికి ప్రేరేపించాయి. పొద్దుతిరుగుడు మీద ఇది తన జీవితచక్రాన్ని నిలుపుకుంటూ స్థిరపడే చీడగా మారలేదు. విడుదలలు తరువాత తిరిగి సాగాయి.

ఇక్కడ ఇంటి డబ్బా ఒక ప్రమాదాన్ని తెస్తుంది. కుతూహలం గల విద్యార్థి ఆకలిగొన్న పురుగుల డబ్బాలో పొద్దుతిరుగుడు ఆకు ఒక్కటే పెట్టి, మరుసటి ఉదయం రెండు రంధ్రాలు చూసి, పురుగు పంటను తింటుందని నిర్ధారిస్తాడు. మరొకడు వయ్యారిభామ, పొద్దుతిరుగుడు రెండూ పెట్టి, రెండోదాన్ని ముట్టలేదని చూసి, ఏ భయమూ లేదని ప్రకటిస్తాడు. రెండు నిర్ధారణలూ తొందరపాటే. వేరే దారి లేని నిర్బంధంలో కొరకడం వేరు, ఆ ఆకు మీద గుడ్లు పెట్టి, పిల్లపురుగులు పెద్దవై, మళ్లీ గుడ్లు పెట్టడం వేరు. మేపు పరీక్ష చేయదలచినవారు ఆకు ఎంత కొరికిందో కాక, పిల్లపురుగు ఆ ఆకు మీద కోశస్థ దశకు చేరిందా లేదా అన్నది నమోదు చేయాలి. వయ్యారిభామను పట్టిన చేతులతోనే పొద్దుతిరుగుడు ఆకును పట్టి డబ్బాలో పెడితే పుప్పొడిని పరీక్షకుడే అంటించినట్లవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

రైతుకు చెప్పవలసిన సమాధానం పూర్తి సత్యమై ఉండాలి. కొరికిన సందర్భాలున్నాయని, అవి వయ్యారిభామ గుంపుగా పూసిన చేల పక్కన జరిగాయని, చేను చుట్టూ ఆ కలుపును పూతకు ముందే పీకివేస్తే అటువంటి ప్రేరణకు ఆస్కారం తగ్గుతుందని చెప్పాలి. ఇంట్లో పెంచిన పురుగులను పొద్దుతిరుగుడు చేలను ఆనుకొని వదలకపోవడం మర్యాద. అరకు ప్రాంతపు వలిసెల చేల వద్ద కూడా, ఆ పంట ఇదే కుటుంబానిది కాబట్టి, అదే దూరం పాటించడం ఉచితం.

వదిలే చోటు

పెంచిన పురుగులను ఊరంతా తలా పది చొప్పున చల్లడం చూసేవారికి ఉదారంగా కనిపిస్తుంది. విడివిడిగా పడిన పురుగులు జతను కనుగొనలేవు, సాలీళ్లకు, పరభక్షక నల్లులకు ఆహారమవుతాయి. ఒకే చోట, కలుపు దట్టంగా ఉండి, దున్నని, మందు చల్లని స్థలంలో కొన్ని వందల పురుగులను కలిపి వదిలితే అక్కడ మంద నిలదొక్కుకుంటుంది. మట్టిలో నిద్రించే పురుగు కాబట్టి వేసవి దుక్కి జరిగే చేలు స్థిరమైన ఆవాసాలు కావు. చెరువు గట్లు, రైల్వే స్థలాలు, శ్మశానాలు, పాడుపడిన ఆవరణలు ఇందుకు అనువైనవి. సాయంత్రం వేళ, వర్షం లేని రోజున వదలాలి. ఆ స్థలాన్ని ఏ నెలలోనూ కలుపు మందుతో శుభ్రం చేయరాదని పంచాయతీకి ముందే రాతపూర్వకంగా తెలియజేయడం అవసరం. స్వచ్ఛత కార్యక్రమాల ఉత్సాహంలో పురుగుల స్థావరం ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోవడం అరుదైన సంఘటన కాదు.

జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంచాలకాలయం ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామ అవగాహన వారోత్సవం నిర్వహిస్తున్నది. వ్యవసాయ కళాశాలలు ఆ వారంలో మొక్కలు పీకే కార్యక్రమాలతో పాటు పురుగుల విడుదల కూడా చేపట్టడం ఆనవాయితీ. ఛాయాచిత్రాలకు ఆ వారం అనుకూలమే. విడుదలకు మాత్రం అది ఆలస్యం. ఆ ఏడు రోజులను సేకరణకు, జాతి గుర్తింపు శిక్షణకు, మట్టి కుండలు నింపడానికి వినియోగించి, విడుదలను మరుసటి జూలైకి జరిపితే పురుగుకు, కలుపు మొలకకు మధ్య ఉన్న రెండు నెలల వ్యవధి తగ్గుతుంది. ఇందులో చిక్కు ఒకటుంది. ఆగస్టులో కుండ నింపిన చివరి సంవత్సరం విద్యార్థి మరుసటి మే నాటికి కళాశాల విడిచి వెళ్లిపోతాడు. కుండల మీద సేకరించిన స్థలం, తేదీ, పురుగుల సంఖ్య రాసిన చీటీ అంటించి, మే మూడో వారంలో వాటిని తడపవలసిన బాధ్యత ఎవరిదో ఆ చీటీ మీదనే రాసి, కింది తరగతి విద్యార్థి సంతకం తీసుకొని అప్పగించాలి.